పన్నెండు గంటల కరెంటు

అబ్దుల్ బారీ చెవి గురించి జనగామలో చాలా కథలున్నాయి. భూపాలపల్లిలో ఒక కూల్‌డ్రింకుల దుకాణం యజమాని ఫోన్ చేసి, తన ఫ్రిజ్ గురకపెడుతోందని మొత్తుకున్నాడట. ఫోన్ తీసుకెళ్లి ఫ్రిజ్ వెనకాల పెట్టమన్నాడు బారీ. రెండు నిమిషాలు విని, "ఫ్యాన్ల బల్లి ఇరికింది, ఇంకా పానం ఉన్నది, జర మెల్లగ తియ్యి" అన్నాడట. తీసి చూస్తే బల్లి ఉంది, తోక లేదు. తోక తెగిన సంగతి ముందే ఎందుకు చెప్పలేదని ఆ యజమాని ఇప్పటికీ నిష్ఠూరమాడతాడట.

ఇందులో ఎంత నమ్మాలన్నది ఎవరి ఓపికను బట్టి వారిది. ఓపిక లేనివాళ్లు కూడా ఒప్పుకునే మాట ఒకటుంది. ముప్ఫై ఏడేళ్ల పనిలో బారీ బిగించిన రాగి గొట్టం ఎక్కడా గ్యాసు కారలేదు.

ఆయన పుట్టింది చిట్యాలలో. తండ్రి బాబామియా పెట్రోమాక్స్ లైట్లు బాగుచేసి, పెళ్లిళ్లకు అద్దెకిచ్చేవాడు. ఊరికి కరెంటు నిలకడగా వచ్చేసరికి ఆ లైట్లు అటకెక్కాయి, బాబామియా మంచమెక్కాడు. "మా నాయిన కూడు తిన్న కరెంటు నాకన్న పెట్టకపోతదా" అని బారీ పదిహేడో ఏట వరంగల్లో ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. తర్వాత జనగామ బస్టాండు పక్క సందులో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఫ్రిజ్‌లు, కూలర్లు, ఏసీలు, పాలకేంద్రాల ట్యాంకులు, ఒకసారి శవాల పెట్టె కూడా, చల్లబరిచేది ఏదైనా ఆయన చేతి కిందికే వచ్చేది.

యాభై ఒకటో ఏట ఒక పెద్ద కంపెనీ వాళ్లు హైదరాబాద్‌లో పది రోజుల శిక్షణ పెట్టారు. కొత్తరకం మిషన్లు వస్తున్నాయి, వాటిని హీట్ పంపు అంటారు, ఎండాకాలం చల్లదనం, చలికాలం వెచ్చదనం ఒకే మిషన్ ఇస్తుంది, వాటిని బిగించడానికి కంపెనీ కార్డు ఉండాలి అన్నారు. బారీ వెళ్లి, డిప్లొమాలు చేసిన పిల్లల మధ్య కూర్చుని పరీక్ష రాశాడు. రెండోవాడిగా పాసయ్యాడు. ఫొటో ఉన్న కార్డు చేతికిచ్చారు. మిషన్‌ను మొదటిసారి నడిపే రోజున నింపే కాగితం కింద సంతకం పెట్టే హక్కు ఆ కార్డుతో వచ్చింది. ఆ సంతకం లేకపోతే మిషన్‌కు వారంటీ లేదు. ఇది సబబుగా ఉంది, నడపండి అని గాని, లేదు, ఆపండి అని గాని చెప్పే అధికారం ఆ సంతకానిదే.

ఇంట్లో ఆయనా, భార్య రషీదా బేగమూ మాట్లాడుకునేది దక్కనీలో. తెలుగులో చెప్పుకుంటే ఇట్లా ఉంటుంది.

"మన నిఖా కాగితం యాడున్నదో నీకెరుక లేదు. గీ కార్డునేమో దస్తీల చుట్టి అత్తరు డబ్బ పక్కన పెడ్తవు."

"నిఖా అయిందా లేదా అని నన్నెవ్వరన్న అడిగిన్రా? కార్డున్నదా అని అందరడుగుతరు."

"నేనడుగుత, నిఖా అయిందా లేదా అని. పనిల పడితే నాకే అనుమానమొస్తది."

తరిగొప్పుల మండలంలో మహేశ్ అనే ఆసామి పట్టుపురుగుల చాకీ కేంద్రం కట్టాడు. చాకీ కేంద్రమంటే గుడ్లు పొదిగించి, పిల్లపురుగులను పదిరోజులు పెంచి, కాస్త బలం వచ్చాక రైతులకిచ్చే చోటు. ఆ పిల్లపురుగులు మహా సుకుమారులు. గది వేడి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటకూడదు, తగ్గకూడదు. డిసెంబరు తెల్లవారుజామున తరిగొప్పులలో మనుషులే దుప్పటి వదలరు, పురుగుల సంగతి చెప్పేదేముంది. అందుకని మహేశ్ హీట్ పంపు తెప్పించాడు. నలభైమంది రైతులు గుడ్లకు పేర్లు రాయించుకున్నారు.

బారీ నాలుగు రోజులు పనిచేశాడు. షెడ్డు వెనకాల, వాన నీళ్లు నిలవని చోట, సిమెంటు దిమ్మె పోయించాడు. బీరువా అంత ఉన్న బయటి యూనిట్‌ను దాని మీద రబ్బరు మెత్తల పైన నిలబెట్టాడు. వెనక గోడకు మూరెడు దూరం, ముందు గాలి పారడానికి ఖాళీ జాగా. మహేశ్ అక్కడ మల్బరీ ఆకు బస్తాలు వేయించబోతే, "గాలి ఆడకపోతే దీనికి దమ్ము ఆడదు సార్" అని తీయించాడు. గొట్టాలు అతికి, నత్రజని నింపి ఒక రోజు రోజంతా పీడనం దిగకుండా ఉందో లేదో చూశాడు. మీటరు ముల్లు కదల్లేదు. తర్వాత పంపు పెట్టి గొట్టాల్లోని గాలినీ తేమనూ మూడు గంటలు బయటికి లాగాడు. గంట చాలంటుంది కంపెనీ పుస్తకం. మిగిలిన రెండు గంటలు బారీ సొంత తృప్తికి.

కేంద్రం కాపలాదారు హీర్యా, దగ్గరి తండా మనిషి, పక్కన బీడీ కాలుస్తూ ఇదంతా చూసేవాడు.

"చాచా, బయట గింత సల్లగుంటే గీ డబ్బ వేడి యాడికెల్లి తెస్తది?"

"చలిల గూడ వేడి ఉంటది హీర్యా. నీకూ నాకూ దొరకదు, దీనికి దొరుకుతది. బయటి గాలిని పిండి ఆ వేడిని లోపల పోస్తది. ఎండకాలం లోపలిది తెచ్చి బయట పారబోస్తది."

"గట్లయితే మా తండకొకటి పెట్టరాదు."

"ముందు మీ తండల కరెంటు నిలవనియ్యి. తర్వాత పెడ్త."

నాలుగో రోజు సాయంత్రం ఏడింటికి బారీ గ్యాసు వదిలి, మెయిన్ స్విచ్చు పైకెత్తాడు. మిషన్‌ను నడపలేదు. మహేశ్‌ను పిలిచి చూపించాడు.

"సార్, కంప్రెసర్ నడుముకు చిన్న హీటర్ పట్టీ ఉన్నది. మెయిన్ ఉన్నంతసేపు అది వెచ్చగ ఉంచుతది. చలికి గ్యాసు నీళ్లయి నూనెల కలుస్తది. అట్లనే నడిపితే నూనె నురుగై లేచిపోతది, లోపల ఇనుము ఇనుము రాసుకుంటది. పన్నెండు గంటలు వెచ్చపెడితే గ్యాసు విడిపోతది. పొద్దున మీ ముహూర్తం తొమ్మిదీ పన్నెండుకు గద, పధ్నాలుగు గంటలైతది. ఒక్కటే మాట. మెయిన్ బందు పెట్టొద్దు."

"పెట్టను చాచా. నాకు గిది కొడుకసొంటిది."

బారీ ఒక కాగితం మీద 'మెయిన్ ఆపవద్దు' అని రాసి స్విచ్చు డబ్బా మీద అంటించాడు. కంపెనీ కాగితంలో కరెంటు ఇచ్చిన సమయం దగ్గర రాత్రి ఏడు అని నింపి ఇంటికి బయలుదేరాడు.

మర్నాడు ఎనిమిదిన్నరకు ఆయన స్కూటరు దిగేసరికి షెడ్డు ముందు షామియానా వేసి ఉంది. గుమ్మడికాయ సిద్ధంగా ఉంది. నలభైమంది రైతులు కుర్చీల్లో కూర్చున్నారు. మెయిన్ స్విచ్చు డబ్బాకు బంతిపూల దండ వేశారు. ఆ దండ సరిగ్గా 'ఆపవద్దు' అన్న కాగితం మీద వేలాడుతోంది. కిందికి వంచిన హ్యాండిల్‌కు ఎర్ర రిబ్బను కట్టి ఉంది.

బారీ వెనక్కి పరుగెత్తి, యూనిట్ పక్క రేకు విప్పి కంప్రెసర్ మీద అరచెయ్యి పెట్టాడు. ఈపాటికి అది జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా ఉండాలి. రాత్రంతా ఆరుబయట మరిచిపోయిన బిందెలా ఉంది.

"హీర్యా, ఎవరు బందు పెట్టిండ్రు?"

"సారే పెట్టమన్నడు చాచా. నువ్వు పోయినంక ఓ అర్ధగంటకు. కరెంటు పెద్దాయన చేతుల మీదికెల్లే లోపలికి రావాలెనంట. మందికి ముందే లైట్లు ఎలిగితే ఆయన ఏం ఓపెన్ చేసినట్టు అన్నడు."

పెద్దాయన అంటే ఆ రోజు ముఖ్య అతిథి, మండలంలో పేరున్న నాయకుడు. బారీ మహేశ్‌ను షామియానా పక్కకు లాగాడు.

"సార్, ఇయ్యాల నడపద్దు. మెయిన్ ఎత్తి ఉంచుదాం, రేపు పొద్దున నడుపుదాం."

"రేపు పెద్దాయన వస్తడా? నువ్వు పోయి పిలుచుకొస్తవా? చాచా, మిషన్ బందే ఉండె గద. బందున్నదాన్ని బందు పెడితే ఏమైతది?"

"నిన్న చెప్పిన గద సార్."

"నిన్న నా దిమాగ్‌ల సవాలక్ష ఉన్నయి. ఇప్పుడు ఏదన్న ఉపాయం చెప్పు."

ఉపాయాలకు బారీ ఎప్పుడూ కొరత పడలేదు. ఒకటి చెప్పాడు. పెద్దాయన మెయిన్ ఎత్తుతాడు, రిమోటు నొక్కుతాడు. రిమోటును ముందే ఫ్యాన్ గుర్తు మీద పెడతారు. లోపలి ఫ్యాన్ మాత్రం తిరుగుతుంది, గాలి వస్తుంది, చప్పట్లు కొడతారు, పెద్దాయన వెళ్లిపోతాడు. బయటి యూనిట్ కదలదు. రేపు అసలు పని మొదలుపెడతారు. మహేశ్ బారీని కౌగిలించుకున్నంత పని చేశాడు.

తొమ్మిదీ పన్నెండుకు పెద్దాయన రిబ్బను కత్తిరించి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి, ఫొటోగ్రాఫరు చాలన్నదాకా అట్లాగే నిలబడి, అప్పుడు ఎత్తాడు. లోపలికొచ్చి రిమోటు నొక్కాడు. గాలి వచ్చింది. చప్పట్లు మోగాయి. అంతా బారీ అనుకున్నట్టే జరిగింది. పెద్దాయన గాలి కింద తల పెట్టేదాకా.

"ఏందయ్యా మహేశూ, వేడి గాలి అంటివి. గిది మా ఇంట్ల ఫ్యానోలె ఉన్నది గద. ఫ్యాన్‌కు గింత పెద్ద డబ్బ తెచ్చినవా?"

రైతుల్లో వెనక వరుస నవ్వింది. ఆ నవ్వు ముందు వరుస దాకా వచ్చింది. మహేశ్ ముఖం ఎర్రబడింది. బారీ చెయ్యి చాపేలోపే రిమోటు అందుకుని, వేడి గుర్తు మీద నొక్కేశాడు.

బయట యూనిట్ లేచింది. రేకుడబ్బాలో కంకర పోసి ఊపినట్టు గలగలమంది. ఆ చప్పుడు ఒకటిన్నర నిమిషం ఉంది. వచ్చినవాళ్లకు అది కొత్త మిషన్ హుషారులా వినిపించింది. పరుగెత్తి ఆపబోయిన బారీకి కుర్చీలూ మనుషులూ అడ్డం పడ్డారు. ఆయన వెనక్కి చేరేసరికి చప్పుడు సర్దుకుని మిషన్ సాఫీగా తిరుగుతోంది. లోపల వెచ్చటి గాలి కొట్టింది. పెద్దాయన "ఆఁ, గిట్లుండాలె" అన్నాడు.

మధ్యాహ్నం అందరూ బగారా అన్నం తింటుంటే మహేశ్ కంపెనీ కాగితం తెచ్చి బారీ ముందు పెట్టాడు. అందులో ఒక గడి ఉంది. నడపడానికి ముందు పన్నెండు గంటలు ఆపకుండా కరెంటు ఇచ్చారా అని. అవును అయితే టిక్కు.

"సార్, గిది నేనెట్ల పెడ్త?"

"మిషన్ నడుస్తలేదా? నీ చెవితోనే విను. ఏమన్న మోత ఉన్నదా? చాచా, కొత్తగూడల ఒకటి, చిట్యాలల ఒకటి, మా దోస్తులు కేంద్రాలు పెడుతున్నరు. నీ పేరే చెప్పిన. గీ కాగితం పోకుంటే వారంటీ లేదు. నలభైమంది మొకాలు చూడు."

బారీ విన్నాడు. నిజంగానే మోత లేదు. చిట్యాల అన్న మాట ఆయన లోపల ఎక్కడో తగిలింది. తండ్రి లైట్లు అద్దెకిచ్చిన ఊళ్లో తను సంతకం పెట్టబోతున్నాడు. బతికి బయటపడ్డ మిషన్ కదా, ఇంకేమవుతుందిలే అనుకున్నాడు. టిక్కు పెట్టి, సంతకం చేశాడు. అన్నం చల్లారిపోయింది.

పదకొండో రోజు తెల్లవారుజామున కంప్రెసర్ బిగుసుకుపోయింది. గదిలో పిల్లపురుగులు ఆకు ముట్టడం మానేశాయి. మహేశ్ కంగారులో బొగ్గుల కుంపట్లు పెట్టించాడు. చలికి కొన్ని, పొగకు కొన్ని పోయాయి. నలభైమంది రైతులకు ఇవ్వవలసిన పురుగుల్లో పదిమందికి సరిపడా కూడా మిగల్లేదు.

కంపెనీ నుంచి ఇమ్మానుయేల్ అనే ఇంజనీరు వచ్చాడు. తక్కువ మాటల మనిషి. కంప్రెసర్ విప్పించి, నూనె వేళ్ల మధ్య రుద్ది చూసి, చేతులు కడుక్కుని మహేశ్ ఆఫీసు గదిలో కూర్చున్నాడు. మహేశ్, బారీ ఎదురుగా కూర్చున్నారు. హీర్యా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నూనె లేక అరిగిపోయింది," అన్నాడు ఇమ్మానుయేల్. "ఇది రెండు రకాలుగా జరుగుతుంది. గొట్టాల్లో తేమ సరిగా లాగకపోతే జరుగుతుంది. లేదా చల్లటి కంప్రెసర్‌ను నడిపితే జరుగుతుంది. పన్నెండు గంటలు కరెంటు ఇచ్చామని మీరు సంతకం చేశారు బారీ గారూ. అంటే రెండోది కాదు. మొదటిదే."

బారీ కాగితం కింద ఉన్న తన సంతకం చూశాడు.

"మా కార్డున్న మెకానిక్ పని చెడగొడితే కంపెనీ కొత్త కంప్రెసర్ ఇస్తుంది, మెకానిక్ కార్డు రద్దు చేస్తుంది. కస్టమరు చేతి తప్పయితే కంపెనీ ఏమీ ఇవ్వదు. అప్పుడు ఈ టిక్కు అబద్ధమవుతుంది. దానికీ కార్డు రద్దే. ఎటు చూసినా మీ కార్డు ఉండదు. అందుకే అడుగుతున్నాను, ఏం రాయమంటారు?"

మహేశ్ బారీ మోకాలి మీద చెయ్యి వేశాడు. "చాచా, ఎట్లైనా పోయే కార్డే. తేమ సరిగ లాగలేదని ఒక్క ముక్క అను. నాకు మిషన్ వస్తది, రైతులకు మళ్ల పురుగులిస్త. నీకు నేను లేనా?"

మూడు గంటలు. గంట చాలని పుస్తకంలో ఉంటే మూడు గంటలు లాగాడు బారీ. ముప్ఫై ఏడేళ్లలో కారని గొట్టాలన్నీ ఆ క్షణాన ఆయన ముందు వరసకట్టి నిలబడినట్టయింది. ఒక్క ముక్కతో వాటన్నిటినీ అబద్ధం చేయాలి. అవతల నలభైమంది రైతులు. చేతిపని తెలియనివాడు అనిపించుకోవాలా, అబద్ధాలకోరు అనిపించుకోవాలా. ఇంతకంటే మంచి పేరు ఆ బల్ల మీద ఆయన కోసం ఎవరూ ఉంచలేదు.

"సార్," అన్నాడు చివరికి, "తేమ నేను సరిగనే లాగిన. టిక్కే తప్పు. రాత్రి మెయిన్ బందు పెట్టిన్రు."

మహేశ్ చెయ్యి మోకాలి మీంచి లేచింది. "ఎవరు పెట్టిన్రు? ఉత్తదే సార్. తన తప్పు నా మీద రుద్దుతున్నడు. మా వాచ్‌మెన్‌ను అడుగుండ్రి."

ఇమ్మానుయేల్ గుమ్మం వైపు తిరిగాడు. హీర్యా మహేశ్ ముఖం చూశాడు. తర్వాత బారీ ముఖం చూశాడు. తర్వాత నేల చూశాడు.

"నాకు యాదికి లేదు సార్."

బారీకి కోపం రాలేదు. హీర్యా ఇల్లు ఈ కేంద్రం మీదే నడుస్తోంది. ఆయన తలెత్తి, మహేశ్ కుర్చీ వెనక గోడ వైపు వేలు చూపించాడు. అక్కడ పేపర్లో వచ్చిన ఫొటోను మహేశ్ అద్దం కట్టించి వేలాడదీశాడు. అందులో పెద్దాయన నవ్వుతున్నాడు. చెయ్యి మెయిన్ స్విచ్చు మీద ఉంది. హ్యాండిల్ కిందికి ఉంది. ఫొటో కింద అక్షరాలు: విద్యుత్ సరఫరాను ప్రారంభిస్తున్న ముఖ్య అతిథి, ఉదయం 9.12. ఒక మూల బారీ మోచెయ్యి పడింది. తక్కిన మనిషిని కత్తిరించేశారు.

ఇమ్మానుయేల్ లేచి దాన్ని దగ్గరికెళ్లి చదివాడు. ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. వచ్చి కూర్చుని రాసుకున్నాడు. వెళ్లే ముందు బారీని బయటికి పిలిచాడు.

"మీ పని చూశాను. ఇంత శుభ్రంగా గొట్టాలు అతికినవాళ్లను నేను చూడలేదు. కార్డు ఇవ్వండి."

బారీ దస్తీ విప్పి ఇచ్చాడు. ఇమ్మానుయేల్ దాన్ని రెండుగా విరిచి, ముక్కలు కవరులో పెట్టుకున్నాడు. నియమం అట్లా ఉంది.

మహేశ్‌కు వారంటీ దక్కలేదు. ఆయన ఊరూరా చెప్పాడు, బారీ మిషన్ కాల్చేశాడని, అడిగితే తన మీద పెట్టాడని. నురుగు సంగతీ నూనె సంగతీ ఎవరికి కావాలి? రైతులకు తెలిసింది ఒకటే, పురుగులు చచ్చాయి, మిషన్ బిగించింది బారీ. చేతిపని రానివాడనీ అన్నారు, అబద్ధాలకోరనీ అన్నారు. రెంటిలో ఒకటి ఎంచుకున్నానని అనుకున్న మనిషికి రెండూ అంటగట్టారు. కొత్తగూడ నుంచి గాని, చిట్యాల నుంచి గాని ఫోన్ రాలేదు.

"నువ్వు తేమ లాగలేదని చెప్పినా గిదే అయ్యేది," అంది రషీదా.

"అవును. కాని అప్పుడు నేను గూడ నమ్మేటోణ్ణి."

ఈ జనవరిలో భూపాలపల్లిలో ఒక కొత్త లాడ్జికి హీట్ పంపు బిగించే పని వచ్చింది. పని ఒప్పుకున్నది కార్డున్న పర్వేజ్ అనే కుర్రాడు. గొట్టాలు అతకడం అతనికి చేతకాక బారీని కూలికి తీసుకెళ్లాడు. బారీ తన పద్ధతిలోనే చేశాడు. నత్రజని, ఒక రోజు. తేమ, మూడు గంటలు. సాయంత్రం మెయిన్ ఎత్తాడు. అర్ధరాత్రి కరెంటు పోయి, తెల్లవారాక ఏడింటికి వచ్చింది. పదింటికి మేనేజరు కాగితంతో వచ్చాడు. పర్వేజ్ నిలబడే సంతకం చేశాడు.

బారీ కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఇంక వెచ్చబడలే. కరెంటొచ్చి మూడు గంటలే అయింది. రాత్రి దాక ఆగుండ్రి," అన్నాడు.

మేనేజరు పర్వేజ్ వైపు చూశాడు. పర్వేజ్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"సంతకం పెట్టేటాయన సరే అన్నడు. నువ్వెవరు ఆపనీకి? కార్డున్నదా?"

"లేదు."

"మరి జరుగు."

బారీ చెయ్యి తీసి, పక్కకు జరిగాడు.